కృపామణి పేజీలోంచి నేను తీయించిన ‘కాబట్టి’

చాలా ఏళ్ళుగా ఒక మాటని మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు, మూడక్షరాలు. పైగా అది నేను రాసింది కూడా కాదు. ఇంకొకరు రాస్తే నేను తీయించేసింది. లేని మాటకి బరువేమిటి అంటారా? నేనూ అలాగే అనుకుని చేతులు దులుపుకున్నాను. ఆ చేతులతోనే ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను, పిల్లల పేపర్లు దిద్దాను, రిటైరైన రోజున శాలువా కప్పుతుంటే నమస్కారాలు పెట్టాను.

మీరెవరో నాకు తెలీదు. అదే నా ధైర్యం. నా పేరు మాత్రం అడక్కండి. చెప్తే బందరులో సగం మంది ‘ఆఁ, ఆయనా!’ అంటారు. గొప్పకి అనడం లేదు. సరే, గొప్పకే అంటున్నాను. చెప్పబోయేది తల వంచుకోవాల్సిన సంగతే. కానీ తల వంచుకుని మాట్లాడటం నాకు చేతకాదు. ఎప్పుడూ అలవాటు లేదు. మధ్యమధ్యలో నా గొప్పలు తగులుతాయి, ఓర్చుకోండి. అవి తీసేస్తే నేను చేసిన పని మీకు సరిగ్గా అర్థం కాదు. చేతకానివాడు చేస్తే అది పొరపాటు అయ్యేది. నేను బాగా చేతనైనవాణ్ణి.

తెలుగు లెక్చరర్ని. బందరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరి అక్కడే రిటైరయ్యాను. తెలుగు లెక్చరరంటే పద్యాలు పాడే ఆయన అనుకుంటారు జనం. నాకు వచనం ఇష్టం. వచనంలోనూ వాదన ఇష్టం. ‘శాస్త్రం ఇంగ్లీషులోనే రాయాలండీ, తెలుగులో కుదరదు’ అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. ఎందుకు కుదరదు? ‘అందువల్ల’ లేదా మనకి? ‘కాబట్టి’ లేదా? ‘అంతమాత్రాన’ అన్న ఒక్క మాట చాలదూ, ఎదుటివాడి వాదనని కూర్చోబెట్టడానికి? ఎకనామిక్స్ వాళ్ళు, బోటనీ వాళ్ళు, చరిత్ర వాళ్ళు, తెలుగులో ఏం రాసినా పట్టుకుని మా ఇంటికొచ్చేవారు. విషయాన్ని నేను ముట్టుకునేవాణ్ణి కాదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య సందులో ఏముందో చూసేవాణ్ణి. నా పాండిత్యమంతా ఆ సందులోనే ఉండేది.

క్లాసులో నాకో పద్ధతుండేది. ఎవరైనా ‘కాబట్టి’ అన్నారంటే మిగతావాళ్ళంతా ఒక్కసారి ‘ఎలా?’ అని అడగాలి. ‘వానొచ్చింది కాబట్టి బస్సు రాలేదండి’ అంటాడొకడు. ‘ఎలా?’ అని క్లాసంతా ఒకటే అరుపు. పక్క క్లాసు లెక్చరర్ కిటికీలోంచి తొంగి చూసేవాడు. ‘చప్టా మీదకి నీళ్ళెక్కాయండి, బస్సులు ఆపేశారండి.’ మరి ఆ చప్టా రాయవేం నాయనా? వానకీ బస్సుకీ మధ్యన చప్టా ఉంది. దాన్ని మింగేసి నువ్వు గట్టుకి దూకేస్తే నీ వెనకాల చదివేవాడు నీళ్ళలో పడడూ? అలా చెప్పేవాణ్ణి. నవ్వేవారు, కానీ మర్చిపోయేవారు కాదు.

‘తర్వాత’ అన్నది గడియారం చెప్పే మాట, ‘కాబట్టి’ అన్నది బుర్ర చెప్పే మాట అనేవాణ్ణి. వాన కురిసింది, అందువల్ల రోడ్డు తడిసింది. ఇది జరిగిన వరస. రోడ్డు తడిసి ఉంది కాబట్టి వాన కురిసి ఉంటుంది. ఇది మనం తేల్చుకున్న వరస. ఈ రెండోదాని దగ్గరే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మున్సిపాలిటీ ట్యాంకరు కారినా రోడ్డు తడుస్తుంది కదా. ట్యాంకరు రాలేదని కనుక్కున్నాకే ఆ ‘కాబట్టి’ మీద నీకు హక్కు. పిల్లలు నాకు ‘కాబట్టి మాస్టారు’ అని పేరు పెట్టారు. వినబడనట్టు నటించేవాణ్ణి గానీ లోపల మీసం మెలేసేవాణ్ణి. ఒకసారి గుడివాడలో పేపర్లు దిద్దే క్యాంపులో పక్క టేబులాయన ఒక పేపరు ఎత్తి చూపించి, ‘ఇది మీ పిల్లదే అయ్యుంటుందండీ, అడ్డగోలు కాబట్టి ఒక్కటీ లేదు’ అన్నాడు. ఆ పూట క్యాంపు భోజనం కూడా రుచిగా అనిపించింది.

అలాంటి క్లాసులోకి కృపామణి వచ్చింది.

దివిసీమలో సముద్రం వైపు ఊరు. ఊరి పేరు చెప్పను. ఊరికి ఆనుకుని ఉన్న పేట వాళ్ళది. తండ్రి లేడు. తల్లి రూతమ్మ నాట్లకీ కలుపులకీ వెళ్ళి పిల్లని చదివించింది. చర్చిలో పాట ఎత్తుకుంటే అందరూ ఆగి వినేవారట. క్లాసులో మాత్రం ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు చాన్నాళ్ళు తెలీదు. ఒకరోజు నేనేదో ధోరణిలో, ‘దివి మారుమూల కాబట్టి అక్కడ ఆడపిల్లలు చదువులో వెనకబడతారు’ అనేశాను. వెనక బెంచీలోంచి సన్నగా, ‘ఎలా అండి?’ అని వినబడింది.

క్లాసు బిక్కచచ్చిపోయింది. మాస్టారినే అడగటమే! ఆ పిల్ల లేచి నిలబడి, మారుమూలకీ చదువుకీ మధ్యన బస్సుందండి అంది. సాయంత్రం బస్సు లేని ఊళ్ళో ఆడపిల్లని మానిపిస్తారు, బస్సున్న ఊళ్ళో మానిపించరు, రెండూ మారుమూల ఊళ్ళేనండి అంది. అబ్బ! నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను. ఇంటికెళ్ళి మా ఆవిడతో, ‘ఇవాళ నన్నొక పిల్ల దులిపేసిందే!’ అని లాటరీ తగిలినట్టు చెప్పుకున్నాను. ఉద్యోగంలో ఎంతమందికి పాఠం చెప్పినా, చెప్పిన పాఠాన్ని తిప్పి నా మీదే వాడగలిగిన మనిషి ఒక్కరు దొరికితే చాలనుకునేవాణ్ణి. దొరికింది. ఆ తర్వాత నేను చేసింది ఇలాంటి పిల్లకి చేశానని మీరు గుర్తుపెట్టుకోవాలి.

పీజీ అయ్యాక పరిశోధనలో చేరింది. తన ఊరి నీళ్ళ మీదే తీసుకుంది. వరి పొలాల్ని రొయ్యల చెరువులుగా మార్చాక పేటలో తాగే బావులు ఏమయ్యాయి? ఇదీ విషయం. తెలుగులోనే రాస్తానని పట్టుబట్టి యూనివర్సిటీలో అనుమతి తెచ్చుకుంది. మా అమ్మ చదివించుకుని వినాలండి అంది. గైడు వేరే ఆయన, భాష చూడటం నా పని. ఒక్కో అధ్యాయం అవగానే అవనిగడ్డలో బస్సెక్కి బందరు వచ్చేది. వచ్చినప్పుడల్లా రూతమ్మ ఏదో ఒకటి పంపేది. ములక్కాడలో, తేగలో. మా ఆవిడ ఆ పిల్లకి అన్నం పెట్టకుండా పంపేది కాదు.

నాలుగో అధ్యాయం తెచ్చింది. దానికోసం ఏళ్ళ తరబడి బావి బావికీ తిరిగి నీళ్ళు పట్టి పరీక్ష చేయించింది. చెరువులకి దగ్గరున్న బావులు ముందు ఉప్పెక్కాయి, దూరంగా ఉన్నవి ఆలస్యంగా ఎక్కాయి. అదే ఊళ్ళో, చెరువులు లేని కాలవ వైపు బావులు తియ్యగానే ఉన్నాయి. పోటు నీరే కారణమైతే సముద్రం వైపు బావులు ముందు చెడాలి, అవి చెడలేదు. ఒక చెరువుని ఎవరో నష్టపోయి ఎండగట్టి వదిలేస్తే, వానాకాలాలు గడిచేసరికి దాని పక్క బావిలో ఉప్పు తగ్గింది. ఇవన్నీ ఒకే పేజీలో, ఒకదాని వెనక ఒకటి పేర్చి, ఆఖర్న రాసింది. ‘కాబట్టి పేట బావులు ఉప్పెక్కడానికి రొయ్యల చెరువులే కారణం.’

ఆ పేజీ చదివి నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ట్యాంకరు రాలేదని కూడా తేల్చేసింది పిల్ల! నా ఉద్యోగం మొత్తంలో అంత నిఖార్సైన ‘కాబట్టి’ ఎవరూ రాయగా చూళ్ళేదు. నేను కూడా రాయలేదు. నాది అంతా వేరేవాళ్ళ వాక్యాల మధ్య తిరగడమేగా. ఈ పిల్ల ఎండలో బావుల మధ్య తిరిగి సంపాదించుకుంది దాన్ని.

ఇక దాచిన మాట.

ఆ చెరువుల్లో ఒకటి మాది. మా ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చిన పొలం. నా బావమరిది దగ్గరుండి చెరువు తవ్వించి కౌలుకి ఇప్పించాడు. ఊళ్ళో అందరూ దాన్ని ఆయన చెరువనే అనుకునేవారు, కృపామణి కూడా. ఆయన మా వాడేనని తనకి తెలిసే దారి లేదు, నేనూ చెప్పలేదు. మొదట్లో చెప్పకపోవడానికి కారణం లేదు. సందర్భం రాలేదంతే. తర్వాత తర్వాత చెప్పకపోవడానికి మాత్రం కారణం ఉంది. మా ఇంటి పై అంతస్తు లేచింది ఆ కౌలు మీదే. నేను థీసిస్‌లు దిద్దే గది, తను వచ్చి కూర్చునే గది, ఆ పైనే ఉండేది.

అధ్యాయం నా టేబులు మీద ఉండగానే బావమరిది ఫోను చేశాడు. పేటవాళ్ళు అర్జీ పెట్టారట, బావుల దగ్గర చెరువులకి అనుమతులు తీసెయ్యాలని. అధికారులు ఊరికొచ్చి విచారణ చేస్తారట. ‘ఆ రాస్తున్న పిల్ల మీ శిష్యురాలేనట కదా బావగారూ. కాస్త చూడండి’ అన్నాడు. ఏం చూడాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఫోను పెట్టేసి ఆ పేజీ ముందు కూర్చున్నాను. కోపంగా ఉంది. ఎవరి మీదో తెలీదు. వాడు నన్ను అబద్ధం రాయమన్నాడా? లేదే. నేను రాస్తానా? చచ్చినా రాయను. నా ఎర్రసిరాకి ఒక పరువుంది. మరి ఏం చెయ్యను? ఆ ప్రశ్న వేసుకున్న క్షణానికే జవాబు నాకు తెలిసిపోయిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అబద్ధం అక్కర్లేదు. ఒక్క మాట చాలు.

తను వచ్చింది. మా ఆవిడ కాఫీ ఇచ్చి కిందకెళ్ళింది. పేజీ తను చూసేలా తిప్పిపెట్టాను.

‘అమ్మాయ్, ఈ కాబట్టి కొంచెం ఎక్కువైందేమో.’

‘ఎలా అండి?’

నవ్వుతూనే అడిగింది. మా ఇద్దరి మధ్యా అదొక ఆటలాంటిది.

‘చెరువులు పెరిగాయి, బావుల్లో ఉప్పు పెరిగింది. రెండూ నిజమే. ఒకటి రెండోదానికి కారణమని అంత గట్టిగా అంటే, పరీక్ష చేసేవాళ్ళు పట్టుకుంటారు. “అదే కాలంలో” అని పెట్టు. పరిశోధన చేసేవాళ్ళకి వినయం ఉండాలమ్మా.’

నవ్వు ఆగిపోయింది. పేజీ మీద వేలు పెట్టి, ‘మరి ఆ ఎండగట్టిన చెరువు సంగతుంది కదండి?’ అంది.

‘ఉండనీ, తీసెయ్యమనట్లేదు. దాన్ని సాగు పద్ధతుల అధ్యాయంలోకి మార్చు. కాలవ వైపు బావుల సంగతి ఊరి పరిచయంలోకి వెళ్తుంది. పోటు నీటి సంగతి అనుబంధంలో పెట్టుకో. ఎక్కడివక్కడ ఉంటే చదవడానికి శుభ్రంగా ఉంటుంది.’

ఆ పేజీని మళ్ళీ మొదట్నుంచీ చదువుకుంది. కాఫీ చల్లారిపోయింది. చివరికి, ‘మీరు ఎక్కువంటే ఎక్కువేనండి మాస్టారూ’ అంది.

అంతే జరిగింది. అంతకంటే ఏం జరగలేదు.

ఎంత బాగా చేశానో చూశారా? ఒక్క నిజాన్ని కూడా కొట్టెయ్యలేదు. చెదరగొట్టాను. ఒకే పేజీలో భుజం భుజం కలిపి నిలబడ్డవాటిని తలోచోటికీ పంపించాను. ఒక్కొక్కటీ తన చోట తను నిజంగానే ఉంది, కానీ ఏదీ ఇంకోదాన్ని పలకరించలేదు. ‘అదే కాలంలో’ అన్న మాటలో అబద్ధం ఏముంది? అదే కాలంలో ఆకాశంలో కొంగలు కూడా ఎగిరి ఉంటాయి. చదివేవాడికి చూపించాల్సినవన్నీ చూపించి, వాటి మధ్య వంతెన మాత్రం ఎత్తేశాను. ఇది తెలుగునాట చాలామందికి చేతకాదండీ. వంతెన కట్టడం తెలిసినవాడికే దాన్ని మోత లేకుండా విప్పడం తెలుస్తుంది. చెప్తుంటే ఇప్పటికీ ఆ పనితనం మీద ఒక మూల మురిపెం కలుగుతోంది. కలిగిన మరుక్షణం ఛీ అనిపిస్తోంది. రెండూ దాచను.

థీసిస్ గట్టెక్కింది. డాక్టరేటు వచ్చింది. పరీక్షకుల్లో ఒకాయన ‘రచయిత్రి సంయమనం మెచ్చుకోదగింది’ అన్నాడట. తను ఫోను చేసి సంతోషంగా చెప్పింది, మీ వల్లేనండి అంది. నేను ‘నా వల్లేముందమ్మా’ అన్నాను. మామూలుగా నేను అలా అనే మనిషిని కాదు.

కొన్నాళ్ళకి విచారణ వచ్చింది. ఊళ్ళో స్కూలు వరండాలో టేబుళ్ళు వేశారు. బావమరిది నన్ను రమ్మన్నాడు, పొలం మా ఆవిడ పేరున ఉంది కాబట్టి ఇంటి తరఫున ఎవరో ఒకరు ఉండాలన్నాడు. బందరు నుంచి కారులో వెళ్ళాం. పులిగడ్డ వంతెన దాటుతుంటే దిగిపోదామనిపించింది. దిగలేదు. వరండాలో చెరువులవాళ్ళ వైపు కుర్చీల్లో వెనకగా కూర్చున్నాను. అధికారుల ముందు నీళ్ళ సీసాలు పెట్టారు, మాకూ తలా ఒకటి ఇచ్చారు. అవతల పేట జనం నేల మీద కూర్చున్నారు. రూతమ్మ ముందు వరసలో ఉంది, మంచి చీర కట్టుకుంది. కూతురు చెప్పబోతోందిగా.

కృపామణి లేచి బాగా చెప్పింది. బావులు, ఉప్పు, నీళ్ళ కోసం ఆడవాళ్ళు ఎంత దూరం నడుస్తున్నారు, అన్నీ చెప్పింది. అప్పుడు చెరువుల తరఫు ప్లీడరు తన థీసిస్సే తెరిచాడు. ‘అదే కాలంలో’ అన్న వాక్యాన్ని మెల్లగా, ఒత్తి పలుకుతూ చదివాడు. ‘ఇందులో కారణం అని ఎక్కడుందండీ? వీళ్ళ అమ్మాయే, ఇన్నేళ్ళు పరిశోధన చేసి, చెరువులు కారణమని రాయలేకపోయింది’ అన్నాడు. అధికారి తలెత్తి, ఇది మీరు రాసిందేనా అమ్మా అని అడిగాడు.

ఆ క్షణంలో తను నన్ను చూసింది. అప్పటిదాకా నేను అక్కడున్నానని తనకి తెలీదు. నన్ను చూసింది, నా పక్కన బావమరిదిని చూసింది, మేమిద్దరం కూర్చున్న వైపు చూసింది. ఇంక తనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అంత తెలివైన పిల్లని నేనే తయారుచేశాను. నేను లేచి నిలబడితే చాలు. ‘అయ్యా, ఆ మాట మార్పించింది నేను, ఆమె మొదట రాసింది వేరు’ అంటే చాలు. నోట్లో మాట సిద్ధంగా ఉంది. లేవలేదు. చేతిలో నీళ్ళ సీసా మూత తిప్పి తాగాను. దాహం కూడా వెయ్యలేదు.

‘నేనే రాశానండి’ అంది తను. కూర్చుంది.

అనుమతులు అలాగే ఉన్నాయి. తర్వాత ఒక్కో బావీ వదిలేశారు. పేటకి నీళ్ళ డబ్బాలు ఆటోలో వస్తాయి, కొనుక్కుంటారు. కానీ నన్ను తినేసింది అది కూడా కాదు. పేటలో కృపామణికి పేరు పడింది. ఎక్కువ చదువుకున్నాక మన మాట మరిచిపోయిందన్నారు. చెరువులవాళ్ళకి అమ్ముడుపోయిందన్నారు. ఆటో దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు రూతమ్మ వినేలా, నీ కూతురు రాసిన పుణ్యమేనమ్మా అనేవారట. ఇవన్నీ నా బావమరిదే నవ్వుతూ చెప్పాడు. కృపామణికి గుడివాడలో లెక్చరర్ ఉద్యోగం వచ్చాక తల్లిని తీసుకుని వెళ్ళిపోయింది. రూతమ్మ తన చర్చి వదిలి, తను పుట్టి పెరిగిన మనుషుల్ని వదిలి వెళ్ళిపోయింది. పండగకి కూడా ఆ పేటకి వెళ్ళట్లేదని విన్నాను.

కృపామణి ఒక్కసారి, ఒక్కరి దగ్గర, మాస్టారు మార్చమన్నారు అని ఉంటే బయటపడేది. అనలేదు. నన్ను కాపాడటానికా? కాదనుకుంటాను. తన పేరు కింద ఉన్న వాక్యానికి తనే జవాబు చెప్పాలి అనుకుని ఉంటుంది. అది కూడా నేను నేర్పిందే. ‘మాస్టారు చెప్పారండి’ అనేవాడి పేపరుకి నేను మార్కులు కోసేవాణ్ణి.

నేను ఏమని సర్దిచెప్పుకున్నానో చెప్పనా? పరిశోధకుడికి జాగ్రత్త అవసరమే కదా అనుకున్నాను. పరీక్షకుడు మెచ్చుకున్నాడు కదా అనుకున్నాను. నేను సలహా ఇచ్చాను, తను ఒప్పుకుంది కదా అనుకున్నాను. చివరికి వైరస్ వచ్చి రొయ్యలు పోయి, మా చెరువూ మూతపడి, పొలం అమ్మేశాక, ఇంకేముంది అయిపోయింది కదా అనుకున్నాను. ఇన్ని అనుకున్నవాణ్ణి, నా క్లాసులో పిల్లల చేత అడిగించిన ప్రశ్న నన్ను నేను అడగలేదు. ఆ పొలం మా ఆవిడది కాకుండా ఇంకెవరిదో అయ్యుంటే, ఆ ‘కాబట్టి’ నాకు ఎక్కువనిపించేదా? అనిపించేది కాదు. ఎగిరి గంతేసేవాణ్ణి. కాలేజీ అంతా తిప్పి చూపించేవాణ్ణి.

ఈ మధ్య కృపామణి ఫోను చేసింది. మధ్యలో అప్పుడప్పుడూ చేసేది, క్షేమ సమాచారాలు అడిగేది, గొంతులో మర్యాద ఏనాడూ తగ్గలేదు. ఆ మర్యాద నాకు ముల్లులా ఉండేది. ఈసారి, థీసిస్‌ని పుస్తకంగా వేస్తున్నానండి అంది. నాలుగో అధ్యాయం మొదట రాసినట్టే పెట్టాను, అన్నీ ఒకే పేజీలోకి తెచ్చాను అంది. ఆ తర్వాత, ముందుమాట మీరు రాయాలి మాస్టారూ అంది. కారణం చెప్పలేదు. మొట్టమొదటిసారి నేను ‘ఎలా’ అని అడగలేకపోయాను.

పేజీలు పంపింది. చదివాను. అదే పేజీ. అదే వరస. ఆఖర్న అదే మాట, చెక్కుచెదరకుండా. ఎంత గర్వం కలిగిందో! మా పిల్ల రాసిందండీ ఇది. దివిలో ఉప్పు బావుల మధ్యన పెరిగిన పిల్ల, తెలుగులో, ఏ పరీక్షకుడూ వేలు పెట్టలేనంత గట్టిగా. నేను మెట్లు దిగి మా ఆవిడకి ఆ పేజీ పైకి చదివి వినిపించాను. మిగతాది ఇంకా చెప్పలేదు. పుస్తకం వచ్చాక చదువుకుంటుంది. అదీ నా ధైర్యం.

ముందుమాట మొదటిసారి రాసినప్పుడు అంతా పొగడ్తే. చించేశాను. రెండోసారి, ‘పరిశోధన దశలో ఈ అధ్యాయం కొన్ని మార్పులకి లోనైంది’ అని రాశాను. చూశారా, ఎవరు మార్చారో లేకుండా ఎంత నున్నగా వచ్చిందో! అదీ చించేశాను. మూడోసారి దమ్ము కూడదీసుకుని రాశాను. ‘ఆ ఊళ్ళో మా కుటుంబానికి రొయ్యల చెరువు ఉండేది. ఈ అధ్యాయాన్ని మార్చమని ఆమెకి చెప్పింది నేను. విచారణలో ఆమె నింద మోస్తుంటే నోరు విప్పనిది కూడా నేనే. పేటవాళ్ళు ఆమెని అన్న మాటలు నాకు చెందాలి.’ కింద నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, డిగ్రీలతో సహా రాసి పంపేశాను. ఆ పూట హాయిగా ఊపిరాడింది. మగాణ్ణనిపించుకున్నానని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

ఇక్కడ మీకు పేరు చెప్పకపోవడానికి కారణం అదే. ఆ పుస్తకం ఇంకా అచ్చులో ఉంది. నా పేరు ముందు అందులో, తన పేరు కింద బయటికి రావాలి. ఇక్కడే చెప్పేస్తే తనకంటే ముందు నేను మాట్లాడినట్టవుతుంది.

మొన్న ప్రూఫు వచ్చింది. ముందుమాటలో ఒకే ఒక్క దిద్దుబాటు, ఎర్రసిరాతో, తన చేతిరాత. పక్కన ఇంకే మాటా లేదు. నేను చెరువు సంగతి ఒక వాక్యంగా రాశాను. మార్చమన్న సంగతి ఇంకో వాక్యంగా రాశాను. రెండూ నిజాలే, పక్కపక్కనే పెట్టాను. మధ్యలో చుక్క పెట్టి ఊరుకున్నాను. ఒట్టేసి చెప్తున్నాను, కావాలని చెయ్యలేదు, చెయ్యి దానంతటదే అలా వెళ్ళిపోయింది. ఆ చుక్కని కృపామణి కొట్టేసింది. ‘రొయ్యల చెరువు ఉండేది కాబట్టి, ఈ అధ్యాయాన్ని మార్చమని ఆమెకి చెప్పింది నేను’ అని కలిపింది.

కుర్చీలో వెనక్కి వాలాను. కాదనడానికి ఏమైనా ఉందేమోనని వెతికాను. పాతికేళ్ళ కుర్రాడిలా వెతికాను. ఏమీ లేదు. చప్టాలు, ట్యాంకర్లు, అన్నీ తను ఎప్పుడో చూసేసుకుంది, ఆ స్కూలు వరండాలో నన్ను చూసిన క్షణానే. సిగ్గుపడ్డాను. దాని వెనకాలే, మీరు నమ్మినా నమ్మకపోయినా, ఛాతీ నిండా గర్వం. నా మీద కాదు. నన్ను క్షమించానని తను ఎక్కడా రాయలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు, ఇచ్చే అవసరం తనకి లేదు.

ప్రూఫు మార్జిన్లో, ఆ దిద్దుబాటు పక్కన, ‘సరిగ్గా ఉంది’ అని రాసి, సంతకం పెట్టి గుడివాడ పంపేశాను.